నువ్వొక్కదానివి దిగితే చాలు

జూన్ 4

అక్కకి,

ముందు మంచి కబురు. నువ్వు మేనత్తవి కాబోతున్నావు. ఏడో నెల నిండింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని తిట్టకు. కడుపు నిలబడిందని డాక్టరమ్మ గట్టిగా చెప్పేదాకా ఎవరితోనూ అనొద్దని మీ మరదలు నా నోటికి తాళం వేసింది. నా నోటి సంగతి నీకు తెలుసుగా, ఎంత అవస్థ పడి ఉంటానో ఊహించుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇకనుంచి మంచం దిగొద్దని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. తనకి అమ్మ లేదు, మనకీ లేదు. నేను పొద్దున్నే డ్యూటీకని విమానాశ్రయానికి పోతే సాయంత్రం విమానం లేచాకే ఇల్లు చేరతాను. అందుకని నువ్వు రావాలి. కాన్పు అయ్యి పాపో బాబో కాస్త మెడ నిలిపేదాకా ఉండాలి.

దూరం అనకు. మీ దీవికీ మా దీవికీ మధ్య నూట ముప్పై కిలోమీటర్లు, విమానంలో ముప్పై ఐదు నిమిషాలు. కౌంటర్ పైన బోర్డు మీద ఆ అంకెలు పెయింట్‌తో రాసింది నేనే. నువ్వు ఒక చొక్కాకి కాలర్ కుట్టి ఇస్త్రీ చేసేలోపు ఇక్కడ దిగుతావు.

పోయినసారిలా దింపేస్తానేమోనని భయపడకు! ఆ కథ ఇక్కడ ఇంకా చెప్పుకుంటున్నారు. కొత్తగా ఎవరు చేరినా మా మేనేజర్ నన్ను చూపించి, "విమానం బరువెక్కితే సొంత అక్కనే దింపేసిన మనిషి, ఇదీ డ్యూటీ అంటే" అని పరిచయం చేస్తాడు. నేనూ పదిమందిలో చెప్పి నవ్విస్తుంటాను. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే, గుర్తుందా?

బావగారికి నమస్కారాలు. ఎప్పుడు వస్తావో వెంటనే రాయి. ఉత్తరం పైలట్ గారి చేతికిస్తే సాయంత్రానికి నాకు అందుతుంది.

నీ తమ్ముడు


జూన్ 11

తమ్ముడికి, మరదలికి,

ఉత్తరం చదివి కుట్టు మిషన్ మీద తల ఆనించి ఏడ్చాను. మీ బావ ఐసు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి, నా వాలకం చూసి హడలిపోయి "ఎవరు పోయారే?" అన్నారు. ఎవరూ పోలేదు, ఒకరు వస్తున్నారు అన్నాను. ఆయన చొక్కా విప్పకుండానే కుర్చీలో కూలబడి చాలాసేపు నవ్వారు.

మరదల్ని మంచం దిగనివ్వకు. తనకి విసుగేస్తే పోట్లాడుతుంది, నువ్వు ఎదురు చెప్పకు. పక్కింటావిడ మంచిదన్నావుగా, నేను వచ్చేదాకా పగలు కాస్త చూసుకొమ్మని అడుగు. అడగడానికి మొహమాటపడకు.

నేను తప్పకుండా వస్తాను. కానీ పడవలో వస్తాను. అంత కాలం ఉండాలంటే మిషన్ తెచ్చుకోవాలి కదా, అది విమానంలో పట్టదు. పైగా ఇప్పుడు స్కూలు బట్టల సీజను. హెడ్మిస్ట్రెస్ ఉన్నట్టుండి యూనిఫాం రంగు మార్చింది. గొంతుదాకా పని. ఇది కాస్త తెమిలాక పడవ ఎక్కుతాను.

ఆయన నిన్ను అడిగానని చెప్పమన్నారు. మిగతా కబుర్లు వచ్చాక.

అక్క


జూన్ 15

అక్కకి,

పడవేమిటి? నీకు మతి పోయిందా? రాత్రంతా ఆ డీజిలు వాసనలో, చేపల బుట్టల మధ్య కూర్చుంటావా? అదీ ఈ గాలుల కాలంలో? పోయిన వారం మా వైపు బయల్దేరిన పడవ మధ్యలో వెనక్కి తిరిగింది. పైన విమానంలో పోయేవాడు టీ ఆరకముందే దిగుతుంటే, కింద నువ్వు వాంతులు చేసుకుంటూ రావడం నాకు తలవంపులు కాదూ? విమానాశ్రయంలో పనిచేసే వాడి అక్క పడవలో వచ్చిందంటే మావాళ్ళు ఏమనుకుంటారు?

మిషన్ ఇక్కడ అద్దెకి తెస్తాను. ఆ సాకు వదిలెయ్.

సిబ్బంది కోటాలో నీకు టికెట్ తీశాను. జూన్ 28, ఉదయం విమానం. మాది తొమ్మిది సీట్ల విమానమే అయినా ఆ రోజు జనం తక్కువ, నేను చూసుకున్నాను. మీ మరదలు అప్పుడే నీ గదికి కర్టెన్ ఏ రంగు వేయాలో నన్ను చంపుతోంది. పడుకునే పెత్తనం చేయడం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి.

28న రన్‌వే దగ్గరే నిలబడతాను.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడికి,

నిన్న రాలేకపోయాను. కోప్పడకు. నాలుగు రోజులుగా చెవిపోటు. చెవిపోటుతో విమానం ఎక్కితే ఇంకా ఎక్కువవుతుందని అందరూ అన్నారు. టికెట్ ఇందులోనే పెట్టాను, వీలైతే ఇంకెవరికైనా వాడు.

పైలట్ గారి చేత పంపిన మూటలో ఆరు చిన్న చొక్కాలు, నాలుగు గుడ్డ టోపీలు, ఒక మెత్తని దుప్పటి ఉన్నాయి. మడతలు లోపలికి కాకుండా బయటికి కుట్టాను, పసిదాని ఒంటికి గీరుకోకుండా. మరదల్ని ముట్టుకుని చూడమను.

చెవి తగ్గగానే వస్తాను. పడవ సంగతి చూస్తున్నాను.

అక్క


జూలై 3

అక్కకి,

బావగారికి వినిపించినా వినిపించకపోయినా ఈ ఉత్తరం ఇలాగే రాస్తాను.

28న ఎండలో రన్‌వే పక్కన నిలబడ్డాను. విమానం దిగింది, తలుపు తెరుచుకుంది, అందరూ దిగారు, నువ్వు లేవు. తీరా పైలట్ గారు మూట ఇస్తూ, "మీ అక్కగారు పెట్టె పట్టుకుని కంచె దాకా వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఇది నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళిపోయారు" అన్నాడు. చెవిపోటు మనిషి పెట్టె సర్దుకుని కంచె దాకా ఎందుకొస్తుంది అక్కా? ఇంటికి పోయి మీ మరదలికి ఏం చెప్పాలో తెలియలేదు. కొత్త కర్టెన్ విప్పి దాచిపెట్టమని తనే అంది. అది ఇంకా బాధగా ఉంది.

నాకు అర్థమైంది. బావగారు పంపనన్నారు. పెళ్ళాం లేకపోతే పూట గడవదు ఆయనకి. ఐసు దిమ్మల మధ్య పనిచేసి పనిచేసి మనిషి కూడా గడ్డ కట్టుకుపోయాడు. కాదూ, ఆయన కాదంటే, నీకే బరువయ్యాం. చిన్నప్పుడు నన్ను పెంచావు, ఇప్పుడు నా పిల్లల చాకిరీ కూడా ఎందుకని అనుకున్నావేమో. అదే మాట మొహం మీద చెప్పొచ్చుగా. ముప్పై ఐదు నిమిషాల దూరంలో ఉండి నాకు సాకులు రాయక్కర్లేదు.

రావద్దులే. మేమే ఎలాగో తిప్పలు పడతాం.

తమ్ముడు


జూలై 10

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావ చేతికే అందింది. నేను గుండీలు కుడుతున్నాను, ఆయనే పైకి చదివారు. తన గురించి రాసిన చోట కూడా గొంతు మారకుండా చదివారు. చదివి, మడిచి, నా ముందు పెట్టి, "ఇక నిజం రాసెయ్. వాడికి తెలియకపోతే వాడు మాత్రం ఏం చేస్తాడు" అన్నారు. ఆ మనిషి ఇంట్లో నువ్వు ఉద్యోగం వచ్చేదాకా తిన్నావు. ఆయన మంచం నీకిచ్చి నేల మీద పడుకున్నారు. అది మర్చిపోయి ఆ మాట రాశావు.

సరే, రాస్తున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

మీ పెళ్ళయ్యాక ఇల్లు సర్దిపెట్టి నేను తిరిగి బయల్దేరిన రోజు నువ్వు కౌంటర్లో ఉన్నావు. చిన్న విమానం కదా, ఒక్కొక్కరినీ కాటా ఎక్కించి, దూరంగా రాసుకునే అతనికి వినపడాలని అంకె కేక వేస్తున్నావు. నాదీ అలాగే వేశావు. నా వెనకే మా హెడ్మిస్ట్రెస్ ఉంది. అది నీ పని కదా అని సర్దుకున్నాను. అందరం ఎక్కి కూర్చున్నాక నువ్వు మెట్లెక్కి తల లోపలికి పెట్టి ఏమన్నావు? "బరువెక్కువైంది. అక్కా, నువ్వొక్కదానివి దిగితే చాలు, ఇంకెవర్నీ కదపక్కర్లేదు" అన్నావు. విమానం మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే అక్కడే ఏడ్చేదాన్ని. అందరి మోకాళ్ళూ తగులుకుంటూ ఆ ఇరుకులోంచి పెట్టెతో దిగాను. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. నువ్వు రెండుసార్లు టీ తెచ్చి ఇచ్చావు, రెండుసార్లూ నవ్వుతూనే ఇచ్చావు.

ఇక్కడ మీ బావ నా కోసం వచ్చి నిలబడ్డారట. దిగినవాళ్ళు ఆయన భుజం తట్టి, "మీ ఆవిడ బరువెక్కువైందని దింపేశారు, తర్వాతి దాంట్లో పార్సిల్ చేస్తారు" అన్నారట. ఆయన నాకు ఆ మాట చాలాకాలం చెప్పలేదు. ఆ రోజు నన్ను మాత్రం వెనక వీధిలోంచి ఇంటికి తీసుకొచ్చారు. కొలతలివ్వడానికి వచ్చే స్కూలు పిల్లలు ఇప్పటికీ నన్ను చాటుగా "లగేజీ" అంటారు. నాకు వినపడదనుకుంటారు.

నా దగ్గరికి ఎంతమంది ఆడవాళ్ళు వస్తారు. నడుముకి టేపు చుడతాను, అంకె చూస్తాను, పైకి అనను. చీటీ మీద వేసి బోర్లా పెడతాను. ఇది ఒకరు నేర్పే విషయం అనుకోలేదు. నిన్ను నా చేతుల్లో పెంచాను, ఇదొక్కటీ నేర్పలేదని ఆ బెంచీ మీద కూర్చుని అనుకున్నాను.

పరాయివాళ్ళని దింపితే గొడవ. అక్కని దింపితే గొడవ లేదు, మన మనిషే కదా అనుకున్నావు. నిజమే. పరాయివాడు దింపి ఉంటే ఇంటికొచ్చి నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. నువ్వు దింపావు కాబట్టే మర్చిపోలేకపోతున్నాను.

28న నిజంగానే వద్దామనే వచ్చాను. కంచె దగ్గరికి రాగానే తలుపులోంచి కాటా కనపడింది. దాని ముందు మా వీధివాళ్ళే ముగ్గురు వరసలో ఉన్నారు. మూట పైలట్ గారి చేతిలో పెట్టేశాను. అక్కడ ఆ పిల్ల మంచం మీద ఎదురు చూస్తుంటే, ఇక్కడ నేను నా ఒళ్ళు చూసుకుని సిగ్గుపడి వెనక్కి తిరిగాను. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. అందుకే నీకు చెవిపోటని రాశాను.

నువ్వు రావద్దన్నా వస్తాను. నీ కోసం కాదు, ఆ పిల్ల కోసం. 18న పడవ ఉంది.

అక్క


జూలై 14

అక్కకి,

ఉత్తరం కౌంటర్లోనే విప్పి చదివాను. తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఒకసారి చదవడానికి ధైర్యం చాలక జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆ రోజు సాయంత్రం నిన్ను ఎక్కించి ఇంటికొచ్చి, నా డ్యూటీ గురించి మీ మరదలికి గొప్పగా చెప్పాను. తను నవ్వలేదు. "వదిన ఏమీ అనలేదా?" అంది. అక్కకేం, నవ్వింది అన్నాను. అప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది. లేదు. ఏడాదిగా ఆ కథ ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్క లేదు. నువ్వు నవ్వులపాలైన సంగతి నా నోటితోనే ఊరంతా తిప్పాను.

ఇవాళ కొత్త కుర్రాడు చేరాడు. మేనేజర్ మామూలుగానే నన్ను చూపించి "సొంత అక్కనే" అని మొదలుపెట్టాడు. "సార్, ఆ మాట ఇక ఆపండి" అన్నాను. ఎందుకన్నాడు. జవాబుగా, అంకె అందరికీ కనపడకుండా కాటా గోడవైపు తిప్పేశాను. అంకె ఇక కేక వేయను, చీటీ మీద వేసి ఇస్తాను.

బావగారి గురించి రాసిన మాట వెనక్కి తీసుకునే మార్గం లేదు. ఆయన ఎదుట పడడానికి మొహం చెల్లడం లేదు, అయినా పడతాను. ఈ ఉత్తరం ఇవాళ సాయంత్రం విమానంలో వస్తుంది. రేపు పొద్దున విమానంలో నేను వస్తాను. మొత్తం ముప్పై ఐదు నిమిషాలేగా. ఆయన్ని క్షమాపణ అడిగి, నిన్ను తీసుకుని, సాయంత్రానికల్లా తిరిగొస్తాను. పగలు పక్కింటావిడ ఉంటానంది, కాన్పుకి ఇంకా మూడు వారాలుంది. నీకు కాటా ఎక్కడం ఇష్టం లేకపోతే నేనే పడవ ఎక్కుతాను నీతో. ఒక్కదానివి మాత్రం బయల్దేరకు.

సిగ్గు లేని నీ తమ్ముడు


జూలై 21

తమ్ముడికి,

ఇది నీ ఇంట్లో, నీ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వేమో నా ఇంట్లో ఉన్నావు. ఇలా జరిగితే నవ్వాలో ఏడవాలో కూడా తెలియడం లేదు.

గాలులు ముదురుతున్నాయని పడవ సరంగు 14 సాయంత్రమే బయల్దేరాడు. నీ ఉత్తరం రాకముందే నేను మిషన్‌తో సహా ఎక్కేశాను. తెల్లారాక నెత్తి మీదుగా విమానం పోయింది. ఇందులో ఎవరెవరు కూర్చున్నారో అనుకున్నాను. నువ్వని నాకేం తెలుసు? ఇంటికొస్తే పక్కింటావిడ, మరదలు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ మధ్యాహ్నం నుంచే గాలి. విమానాలు లేవు, పడవలు లేవు, ఫోను తీగలు కూడా తెగాయి.

భయపడకుండా చదువు. 18న తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. తొందరగానే వచ్చేశాయి. ఆ గాలిలో కారు దొరకలేదు. పక్కింటాయన కూరగాయల వ్యాన్‌లో పరుపు వేసి తీసుకెళ్ళాం. దారి పొడుగునా మరదలు నా చెయ్యి వదల్లేదు, మణికట్టు ఇంకా కమిలి ఉంది. నిన్ను పిలిచింది, తిట్టింది, మళ్ళీ పిలిచింది. పదకొండింటికి పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ముక్కు మరదలిది. నోరు నీది, ఆసుపత్రి దద్దరిల్లేలా ఏడ్చింది.

ఒక్క మాట చెప్పాలి. నర్సు పాపని చిన్న కాటా మీద పెట్టి, అవతల రాసుకునే ఆవిడకి వినపడాలని అంకె గట్టిగా కేక వేసింది. నేను చటుక్కున తల దించుకున్నాను. కానీ గదిలో అందరి మొహాలూ విచ్చుకున్నాయి. మరదలు కళ్ళు మూసుకునే నవ్వింది. పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. మన ఇంటి ఆడపిల్ల బరువు పైకి చెబితే ఇంతమంది సంతోషించడం చూశాను. నేనైతే ఏడ్చేశాను. ఇదే అంకె పెరుగుతూ పోతే సిగ్గెప్పుడు మొదలవుతుందో, ఎవరు మొదలుపెడతారో అనిపించింది.

ఆ అంకె నీకు రాయను. వచ్చి నీ చేతుల్లో ఎత్తుకుని చూసుకో.

నీ 14వ తేదీ ఉత్తరంలో ఏముందో మరదలు చెప్పింది. రాస్తూ ఏడ్చావటగా. నేను తిరిగి వెళ్ళేది మాత్రం పడవలోనే. నన్ను మార్చాలని చూడకు. అంత తొందరగా పోయేది కాదు అది. మీ బావ సరిగ్గా తింటున్నారా?

అక్క


జూలై 22

అక్కకి,

మీ ఊరి విమానాశ్రయంలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పైలట్ గారు సామాను సర్దించి విమానం కదిల్చేలోపు ఇది ఇవ్వాలి, అందుకని రాత వంకరగా ఉంటుంది.

ఆ ఏడు రోజులూ ఎలా గడిచాయో అడగకు. బోర్డు మీద ముప్పై ఐదు నిమిషాలని నేనే రాశాను, గాలి ఒప్పుకుంటేనే అని రాయలేదు. మొదటి రోజు బావగారి కాళ్ళ దగ్గర కూర్చుని నోరు తెరవబోతే, ఆయన "ముందు అన్నం తిను" అన్నారు. తర్వాత కూడా ఆ మాట ఎత్తనివ్వలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రోజూ ఫ్యాక్టరీకి పోతూ నాకు వండిపెట్టి మూత వేసి వెళ్ళారు. ఆయన మంచం మళ్ళీ నాకే ఇచ్చారు. నాకు నిద్ర పట్టలేదు. నీ గురించి, మీ మరదలి గురించి, ఏ కబురూ లేదు. నిన్న నీ మిషన్ ఉండే ఖాళీ చోట కూర్చుని పసిపిల్లాడిలా ఏడిస్తే ఆయనే నా పక్కన కూర్చున్నారు.

ఇవాళ గాలి తగ్గి మొదటి విమానం వచ్చింది. అందులోనే నీ ఉత్తరం. చదివి నిలబడ్డచోటే గెంతాను. వెళ్ళేవాళ్ళ వరసలో కాటా ఎక్కాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను కాటా ఎక్కడం మొన్న ఇక్కడికి వచ్చేటప్పుడే మొదలు. ఇక్కడ కౌంటర్లో వాడు నా అంకె కేక వేశాడు. ఎవరో వెనక దగ్గారు. ఆ దగ్గు నా గురించే అనిపించింది అక్కా.

ఎక్కి కూర్చున్నాం. పాపని ఎలా ఎత్తుకోవాలో ఒళ్ళో సంచితో అభ్యాసం కూడా చేస్తున్నాను. ఇంతలో వాడు మెట్లెక్కి తల లోపలికి పెట్టాడు. వారం రోజులుగా ఆగిపోయిన సామాను, బరువెక్కువైందట. అందరి వంకా చూసి, నా దగ్గర ఆగి నవ్వాడు. "నువ్వు మనవాడివే కదా. నువ్వొక్కడివి దిగితే చాలు" అన్నాడు.

నా కూతుర్ని చూడాలి అని చెప్పబోయాను. అందరూ నా వైపే చూస్తున్నారు. నోట్లోంచి నవ్వొచ్చింది. నిజం అక్కా, నవ్వాను. ఆ నవ్వు ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు తెలిసింది. మోకాళ్ళు తగులుకుంటూ దిగాను. వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు, నలుగురు నవ్వారు. నన్ను సాగనంపడానికి వచ్చిన బావగారు కంచె దగ్గరే ఉన్నారు. నా చేతిలో సంచి అందుకుని బెంచీ మీదికి తీసుకొచ్చారు. ఇప్పుడు కూడా పక్కనే ఉన్నారు. నిన్ను ఆ రోజు బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. నా పక్కన ఆయన ఉన్నారు. ఆ తేడా తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను.

సాయంత్రం విమానం, రేపటివి కూడా నిండిపోయాయి. సాయంత్రం పడవ ఉంది, అందులో వస్తాను. వద్దనకు, నువ్వు రాగా లేనిది నేను రాలేనా? నువ్వు తిరిగి వెళ్ళేటప్పుడు కూడా మిషన్ మోయడానికి నేనే పడవ ఎక్కుతాను. విమానం మాట నీ దగ్గర ఇక ఎత్తను.

పైలట్ గారు చెయ్యి చాపారు. ఉత్తరానికి తూకం లేదులే, ఇవ్వమంటున్నారు. ముప్పై ఐదు నిమిషాల్లో ఇది నీ చేతిలో ఉంటుంది, నేను రేపు తెల్లారాక వస్తాను. గుమ్మంలో నిలబడి పాప బరువెంతో నాకు గట్టిగా చెప్పు అక్కా. వీధంతా వినపడినా ఫరవాలేదు.

నీ తమ్ముడు